గడిలో బడి

నేను పంతులమ్మగా పని చేసిన ఊళ్ళన్నిటిలో జూన్ నెల ఒకేలా ఉండేది. కొత్తగా చేరిన పిల్లలు గేటు దగ్గర తల్లి కొంగు పట్టుకుని ఏడుస్తుంటే, పెద్ద తరగతి ఆడపిల్లలను పిలిచి తలా ఒకరిని అప్పగించేవారు. ఆ పెద్ద పిల్ల చిన్నదాని ముక్కు తుడిచి, నీళ్ళు తాగించి, పక్కన కూర్చోబెట్టుకునేది. వారం తిరిగేసరికి ఏడుపులు ఆగిపోయేవి. మంచి పద్ధతే. నా తరగతిలో మాత్రం నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఏడ్చే పిల్లను నేనే చంకనెత్తుకునేదాన్ని. "ఇంతమందిని ఒక్కరే ఎట్ల సముదాయిస్తరమ్మా, పెద్ద పిల్లలున్నరు గదా" అని ఒక హెడ్మాస్టరు విసుక్కున్నారు కూడా. ఆయనకు నేనేమీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మా ఊరు భువనగిరికి ఎడ్లబండి మీద సగం రోజు దారి. ఊరి మధ్యలో దొర గడి ఉండేది. ఎత్తైన రాతి గోడ, ఇనుప గుబ్బలు కొట్టిన తలుపులు. ఆ గోడ వెంట నడిచేటప్పుడు మా నాయిన చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. నేను ఏడిస్తే మా అమ్మ చెవి చూపిస్తూ "దొర ఇంటాండు" అనేది. అంతే, నా నోరు మూతపడేది. ఒకసారి నాయిన వెట్టికి ఆలస్యంగా పోయాడని గడి ముంగిట్లో నడుము వంచి నిలబెట్టి, వీపు మీద బండరాయి ఎత్తారు. సాయంత్రం ఇంటికొచ్చి బోర్లా పడుకున్న ఆయన నడుముకు అమ్మ ఆముదం రాస్తుంటే చూశాను. ఆ రాయి ఎంత ఉంటుందని అడిగితే ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయేసరికి అది నా ఊహలో పెరుగుతూ పోయింది.

తరువాత కమ్యూనిస్టుల సంఘం వచ్చింది. వెట్టి ఆగింది. జనం తిరగబడేసరికి దొర కుటుంబాన్ని తీసుకుని పట్నం, అంటే హైదరాబాదు, వెళ్ళిపోయాడు. గడిలో ఉన్న ధాన్యాన్ని ఊరు పంచుకుంది. దొర గుంజుకున్న భూములను ఎవరివి వాళ్ళు దున్నుకున్నారు. మా తాత చేతిలోంచి పోయిన చెలక మా నాయిన చేతికి తిరిగొచ్చింది. ఖాళీ గడిని ఏం చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు సంఘం వాళ్ళు అందులో బడి పెట్టారు. భువనగిరిలో చదువు మానుకుని వచ్చిన ఒక యువకుడు పంతులు. అప్పటిదాకా మా వైపు బడి అంటే ఉర్దూ బడే, అదీ తాలూకా ఊళ్ళో. తెలుగు అక్షరాలు నేర్పే బడి మా ఊళ్ళో, అదీ దొర గడిలో అంటే పెద్దవాళ్ళు నవ్వుకున్నారు. పిల్లలం మాత్రం వణికిపోయాం.

నాకప్పుడు ఆరేడేళ్ళు. మొదటి రోజు నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. తలుపుల దాకా బాగానే ఉన్నాను. లోపలి ముంగిలి కనబడగానే ఆయన జుట్టు పట్టుకుని కేకలు పెట్టాను. దించితే ఇంటికి పరుగు తీశాను. మర్నాడూ అంతే. నాలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉండడంతో పంతులు మమ్మల్ని ఒక పెద్ద పిల్లకు అప్పగించాడు. ఆమెను మేమందరం అక్క అనేవాళ్ళం.

అక్కకు పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. గడిలోనే పుట్టింది. వాళ్ళమ్మ దొరసాని వెంట పుట్టింటి నుంచి వచ్చిన దాసి. తండ్రి ఎవరో ఊళ్ళో ఎవరూ పైకి అనేవారు కాదు. దొర పట్నం పోతూ తల్లిని దొరసాని సేవకు వెంటబెట్టుకుపోయి, కూతురిని గడిలో దీపం పెట్టడానికి వదిలిపెట్టాడు. అంతకుముందు దొర కూతుళ్ళకు అయ్యవారు ఇంటికొచ్చి చదువు చెప్పేవాడట. అప్పుడు ఈ పిల్ల ఎదురుగా నిలబడి విసనకర్ర విసిరేది. విసురుతూ విసురుతూనే అక్షరాలన్నీ నేర్చుకుంది, కాకపోతే తలకిందులుగా. పుస్తకం చేతికిస్తే తిప్పి పట్టుకుని గడగడా చదివేది. పంతులు పకపకా నవ్వి, ఓపికగా సరిచేశాడు. కానీ ఆ తలకిందుల చదువే మాకు కలిసొచ్చింది. అక్క మాకు ఎదురుగా కూర్చుని ఇసుకలో రాస్తే, అక్షరం మావైపు నుంచి సరిగ్గా ఉండేది.

ఆమె నన్ను లోపలికి లాగలేదు. గడి గడప మీద నా పక్కన కూర్చుంది.

"లోపలికి పోదమా చెల్లె?"

"నాకు భయమైతాంది."

"అయితే ఈడనే కూసుందం. నాకేం తొందర లేదు."

కొన్ని రోజులు అలా గడప మీదే కూర్చున్నాం. లోపల పిల్లలు అ ఆ లు అంటుంటే ఆమె గడప ముందరి దుమ్ములో వేలితో రాసి చూపించేది. తరువాత ఒక రోజు, పావురాలు గుడ్లు పెట్టాయి చూద్దామని వంటింటి వైపు తీసుకుపోయింది. ఇంకో రోజు బావి చూపించింది. చివరికి ముంగిట్లో ఒక మూల ఉన్న రాయి దగ్గరికి తీసుకుపోయి, "గిదే ఆ రాయి. ముట్టుకో" అంది. నేను అనుకున్నంత పెద్దది కాదు. వేడిగా ఉంది, మీద పావురాల రెట్ట ఉంది. దాని మీద ఆమె కూర్చుని, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ రోజు నుంచి గడి నాకు బడి అయింది.

పొద్దున్నే ఆమె ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పోగు చేసుకుని పోయేది. ఎవరింట్లో ఎవరికి జ్వరం, ఎవరి నాయిన ఇంట్లో ఉన్నాడు, ఎవరి నాయిన రాత్రి రాలేదు, అన్నీ ఆమెకు తెలిసేవి. మేమే చెప్పేవాళ్ళం. ఆమె చెయ్యి పట్టుకుంటే నోట్లో మాట ఆగేది కాదు. మా నాయినకూ ఆమె అంటే ప్రాణం. గుట్ట నుంచి సీతాఫలాలు తెస్తే మా ఇంటికి ఒక వాటా, ఆ పిల్లకు ఒక వాటా. "తల్లి దగ్గర లేని పొల్ల, పాపం" అనేవాడు. నాతో మాత్రం, "అక్క చెయ్యి ఇడువకు బిడ్డా" అనేవాడు. నేను విడువలేదు.

రజాకార్ల భయం మా ఊరినీ తాకింది. వాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజుల్లో బడి మూసేవారు, అందరం చేలల్లో దాక్కునేవాళ్ళం. తరువాత మిలట్రీ వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్లు పోయారు. ఊళ్ళో డప్పులు కొట్టారు. మా అమ్మ బెల్లం వేసి బూరెలు చేసింది. కష్టాలు గట్టెక్కాయనే అనుకున్నాం.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. బతుకమ్మ పండుగ దాటాక దొర తిరిగొచ్చాడు. పోయినప్పుడు షేర్వాణీ వేసుకుని పోయినవాడు, వచ్చేటప్పుడు తెల్ల టోపీ పెట్టుకుని, మిలట్రీ లారీ వెనుక కారులో వచ్చాడు. గడి ముంగిట్లో డేరాలు వేశారు. బడి ఎత్తేశారు, పంతులు ఎటో వెళ్ళిపోయాడు. ధాన్యం పంచినవాళ్ళను, భూములు దున్నుకున్నవాళ్ళను, తుపాకులు పట్టిన సంఘం దళాలకు అన్నం మోసినవాళ్ళను వెతకడం మొదలైంది. మా నాయిన మూడు పనులూ చేసినవాడే. ఆయనా, ఇంకొందరూ గుట్ట ఎక్కారు. మా ఊరి గుట్టలో బండల సందున దూరితే పక్కన నిలబడ్డవాడికి కూడా కనబడరు. మిలట్రీ వాళ్ళు ఎన్నోసార్లు ఎక్కి దిగారు, ఒక్కరూ దొరకలేదు. అక్క గడిలోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆమె మాకు కనబడలేదు.

ఒక పొద్దున మా వాకిట్లో ఆమె గొంతు వినబడింది.

"చెల్లే, బడికి పోదం పా!"

నేను తింటున్న రొట్టె వదిలేసి ఉరికాను. అమ్మ చేతిలో చేటతో వాకిట్లోకి వచ్చింది.

"మల్ల బడి ఏందే? గడిల మిలట్రీ ఉన్నది గదా?"

"ఉంటే ఏమైతది చిన్నమ్మా. ఇప్పుడు సర్కారే నడుపుతదట. పిల్లలకు కొత్త పలకలిస్తరట. నేనుంట గద."

అమ్మ కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తరువాత నా జుట్టు దువ్వింది. అక్క కాకుండా ఇంకెవరు వచ్చి పిలిచినా అమ్మ నన్ను గడప దాటనిచ్చేది కాదు. ఆ మాట ఆమె బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది.

ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగాం. కానీ అక్క కొన్ని ఇళ్ళ ముందు ఆగలేదు. పటేలు ఇల్లు దాటి పోయింది. సాహుకారి కొడుకు మమ్మల్ని చూసి పలక పట్టుకుని ఉరికొచ్చాడు. "నేనొస్త అక్కా" అన్నాడు. అక్క వాడి భుజాలు పట్టి ఇంటివైపు తిప్పి, "నువ్వు రేపు రా" అంది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. నాకు గర్వంగా అనిపించింది, కొత్త పలకలు ముందు మాకే అని.

మేం లోపలికి పోగానే గడి తలుపులు మూశారు. పగటిపూట ఆ తలుపులు మూయడం నేనెప్పుడూ చూడలేదు. దొర వసారాలో కుర్చీ మీద కూర్చున్నాడు. ఒక పిల్లవాడు "పలకలేవి అక్కా?" అని అడిగాడు. ఆమె మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, ఇసుక పోసి, ఎదురుగా కూర్చుని రాయడం మొదలుపెట్టింది. మేం చదవడం మొదలుపెట్టాం.

కాసేపటికి బయట డప్పు మోగింది. డప్పు కొట్టేవాడి గొంతు గోడ మీంచి స్పష్టంగా వినబడింది.

"ఇనుండ్రి! పిల్లలు గడిల ఉన్నరు! గుట్ట మీదున్న నాయినలు దిగొచ్చి పిల్లలను తీస్కపోవాలెనహో!"

అప్పుడు ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. అక్కడున్న ప్రతి పిల్ల నాయినా గుట్ట మీదే ఉన్నాడు. సాహుకారి కొడుకు లేడు. పటేలు పిల్లలు లేరు. నాకు ఆ వయసులో అన్నీ అర్థమయ్యాయని చెప్పను. కానీ అక్క ముఖం చూశాను. ఆ డప్పు ఆమెకు కొత్త కాదు. మేమందరం ఉలిక్కిపడ్డాం, ఆమె ఉలిక్కిపడలేదు.

మేం ఏడుపు మొదలుపెట్టేసరికి ఆమె నేల మీద చేత్తో చరిచింది.

"ఆపకుండ్రి. చదువుండ్రి. గట్టిగ!"

ఆ రోజంతా మాతో గొంతెత్తి చదివించింది. మధ్యలో అన్నం పెట్టింది, చిన్నవాళ్ళకు కలిపి తినిపించింది. ఒక సిపాయి మాకు బిస్కెట్లు ఇచ్చాడు. ఆయన భాష మాకు అర్థం కాలేదు, కానీ మా తలలు నిమిరి అటు తిరిగిపోయాడు. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, ఆ మాట నిజమే చెప్పాలి. రాత్రి అక్క మాతోనే పడుకుంది. నేను ఆమెకు దూరంగా గోడ వైపు జరిగాను.

గోడ అవతల మా అమ్మ ఉందని నాకు తరువాత తెలిసింది. అంతమంది పిల్లల గొంతుల్లో నా గొంతు ఆమె గుర్తుపట్టిందట. ఒక పూట విని, ఇంక వినలేక, తెల్లవారాక కట్టెలకు పోతున్నట్టు గంప నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కింది. "పిల్ల గొంతు రాసుకపోయింది. నువ్వు రాకుంటే నేను బతుక" అని నాయినతో చెప్పిందట.

ఆ మధ్యాహ్నం నాయిన వచ్చాడు. మిగతా పిల్లల నాయినలు ఆయన వెనుక ఉన్నారు. రుమాలు మెడలో ఉంది, రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. తలుపులు తెరిచినప్పుడు ఆయన కాళ్ళకు చెప్పులున్నాయి. దొర ఆ చెప్పుల వైపే చూశాడు. సిపాయిలు తాడు తెచ్చి చేతులు వెనక్కి కడుతుంటే నాయిన నన్ను వెతుక్కున్నాడు. నేను కనబడ్డాను. నా వెనుక నిలబడ్డ అక్క కూడా కనబడింది.

"నిన్ను నమ్మి పంపినం గదనే, బిడ్డా" అన్నాడు ఆమెతో.

తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. ఆమె తల దించుకుని, కాళ్ళ ముందున్న ఇసుకలోని అక్షరాలను పాదంతో చెరిపేస్తూ నిలబడింది.

మమ్మల్ని వదిలిపెట్టారు. అక్క అలవాటు కొద్దీ నా ముందుకు చెయ్యి చాపింది, బయటి దాకా తీసుకుపోదామని. నేను ఆ చెయ్యి పట్టుకుని కొరికాను. రక్తం రుచి తెలిసేదాకా కొరికాను. ఆమె చెయ్యి వెనక్కి గుంజుకోలేదు, అరవలేదు. ఎవరో నన్ను విడదీశారు.

నాయినను నల్గొండ తీసుకుపోయారు, అక్కడి నుంచి ఇంకెక్కడికో. ఆయన తిరిగొచ్చేసరికి నేను ఓణీ వేసుకునే పిల్లనయ్యాను. నడుము మునుపే పాడయింది, ఇప్పుడు వంగిపోయింది. చెలక పోయింది. దొర వెంట అక్క కూడా పట్నం వెళ్ళిపోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు. నన్ను మేనమామ భువనగిరిలో తన దగ్గర పెట్టుకుని సర్కారు బడిలో చేర్చాడు. కొత్తలో అక్కడి పెద్ద పిల్ల ఒకామె "పా, నేను తోల్కపోత" అని చెయ్యి చాపింది. మంచి పిల్ల. నేను ఆమెతో ఏడాదంతా మాట్లాడలేదు.

పంతులమ్మ ఉద్యోగం వచ్చిన కొన్నేళ్ళకు, భువనగిరి బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. జామకాయల గంప ముందు కూర్చున్న ఒకామె నా వైపే చూస్తూ ఉంది. లేచి వచ్చింది.

"అచ్చం మీ అమ్మ పోలికే. బడి చెప్తున్నవట గద చెల్లె?"

ఆ పిలుపు వినగానే నాకు ఒళ్ళు మండింది. బాగున్నావా అని కూడా అడగలేదు. ఇన్నేళ్ళు గొంతులో ఉన్న మాటే బయటికొచ్చింది.

"సాహుకారి కొడుకును రేపు రమ్మని ఎందుకన్నవు?"

ఆమె చేతిలోని జామకాయను కొంగుతో తుడిచింది. అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు.

"నాకు ఎర్కనే. తలుపులు మూస్తరని, మీ నాయినల కోసమేనని, అంత ఎర్కనే. మా అమ్మను పట్నంకెల్లి తెప్పిస్తనన్నడు దొర. పిల్లల మీద చెయ్యెయ్యద్దని ఒట్టు పెట్టించుకున్న. మీ నాయినలను జర బెదిరిచ్చి ఇడుస్తరనుకున్న."

"గట్టిగ చదువుమని అరిసినవు. మా గొంతులు గుట్ట దాక పోవాలెననే గదా?"

"కాదు చెల్లె. గోడవతల మీ అమ్మలు ఏడుస్తున్నరు. మీరు బాగున్నరని ఆళ్ళకు ఎర్క గావాలెనని."

నిజం చెప్పిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆమె అలా అనుకునే చదివించి ఉండవచ్చు. మా అమ్మ ఆ గొంతు వినే గుట్ట ఎక్కింది.

"మీ అమ్మ వచ్చిందా మరి?" అని అడిగాను. నా గొంతులో వెటకారం నాకే వినబడింది.

"యాడొస్తది. అంతకు ముందటి ఎండకాలంలనే గత్తరొచ్చి పట్నంల సచ్చిపోయిందట. దొరకు ఎర్కనే. నాకు మాటిచ్చిన నాడు గూడ ఎర్కనే."

బస్సు వచ్చింది. ఆమె నాలుగు జామకాయలు తెచ్చి నా సంచిలో వేయబోయింది. సంచి పక్కకు లాక్కున్నాను. ఎక్కి అవతలి వైపు సీటులో కూర్చున్నాను. దారంతా ఆమె మీద జాలి రాకుండా ఉండాలని, నాయిన చేతులు వెనక్కి కట్టిన దృశ్యాన్నే తలుచుకుంటూ పోయాను.

నాయిన అప్పటికి నా దగ్గరే ఉండేవాడు. అన్నం పెడుతూ, ఆమె కనబడిందని చెప్పాను. ఆయన కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఏమన్న చెప్పిందా?"

"తెలిసే చేసిందట. అంత ఎర్కనే అన్నది."

ఆయన కలిపిన ముద్దను కంచం అంచుకు జరిపాడు. తరువాత, "వాళ్ళమ్మ దగ్గరనే ఉన్నదా?" అని అడిగాడు.

చెబితే ఆయన ఆమెను క్షమిస్తాడని నాకు తెలుసు. అడగలేదని చెప్పి, పచ్చిపులుసు వడ్డించాను.